కోయకూడని కొమ్మ

మాబు సాబ్ మల్లెపొదను మోకాలెత్తుకు కోసి, మిగిలిన ఆకును చేత్తో దూసేస్తున్నాడు. పొదలకు నీళ్లు ఆపి పదిహేను రోజులైంది. ఆదోని జిన్నింగు మిల్లు రేకుల మీదుగా డిసెంబరు ఎండ బంగళా తోటలోకి వాలుతోంది. గాలికి తేలి వచ్చిన దూది పీచు అతని తెల్లగడ్డానికి అంటుకుంది. అతను దులుపుకోలేదు. దూదేకుల ఇంట పుట్టినవాడికి దూది కొత్తేమీ కాదు.

తండ్రి ఊళ్లు తిరిగి పరుపుల దూది ఏకినవాడు. ఆ దూది ఏకే విల్లే మాబు చేతికీ రావలసింది. ఏకే పని సన్నగిల్లడంతో మిల్లు మేనేజరు బంగళాలో మాలిగా చేరాడు. ఇరవై ఆరేళ్లలో అయిదుగురు మేనేజర్లు మారారు గానీ అతని కత్తెర మారలేదు. దాని పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది. కుడి బొటనవేలి మొదట్లో కాయ కాసి, గోరు కాస్త పక్కకు తిరిగిపోయింది. వానలు తగ్గగానే గులాబీ, డిసెంబరులో మల్లె, జనవరి చివర జాజి కోయాలని అతను చెబితే ఆ ఊళ్లో ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఎమ్మిగనూరు నుంచి కూడా కబురు పెట్టి పిలిపించుకునేవాళ్లు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అంతటివాడూ ఒక్క కుండీ దగ్గర బోల్తా పడ్డాడు.

ఉత్తరపు వరండాలో, తడి గోనెపట్టా తెర వెనక రెండు కుండీలు ఉన్నాయి. 1970లో అప్పటి మేనేజరు భార్య వాటిని ఊటీ నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఆమె హైడ్రాంజియా అనేది. తోటలో పనిచేసేవాళ్లకు మాత్రం అవి ఊటీ చెట్లు. ఒకటి తెల్లగా పూస్తుందనీ, రెండోది నీలంగా పూస్తుందనీ చెప్పింది. రెండూ ఒకే జాతి కదా అని మాబు మల్లెతో పాటే రెండింటినీ కోసేవాడు. తెల్లది ఏటేటా కొత్త చిగురు వేసి, దాని చివర పొడుగాటి గుత్తి పూసేది. రెండోది అరచేయంత ఆకులు వేసి ఊరుకునేది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

అతని భార్య హుసేనమ్మ మధ్యాహ్నం రొట్టె తెచ్చి ఆ వరండా మెట్టు మీద కూర్చునేది.

"దాన్ని ఒక్క ఏడు ఇడిసిపెట్టి సూడరాదా?" అని అడిగేది.

"సెట్ల సంగతి నాకు సెప్తావా?"

"సెప్పనులే. నువ్వు కోసేదానికే పుట్టినావు," అని నవ్వేది.

1979 డిసెంబరులో మూడు రోజుల జ్వరంతో హుసేనమ్మ పోయింది. మాబు నలభై రోజులు కత్తెర ముట్టలేదు. తిరిగి పనిలోకి వచ్చేసరికి కోత కాలం దాటిపోయింది. సరే, వచ్చే ఏడు చూద్దామని కుండీల జోలికి పోలేదు. మార్చి చివర్లో ఆ రెండో చెట్టు పాత కొమ్మల కొసన పూసింది. పువ్వు నీలంగా లేదు, లేత గులాబీ రంగులో ఉంది. ఆ ఊరి నీళ్ల గుణమో మట్టి గుణమో మరి. ఆ చెట్టు రాబోయే పువ్వును పాతకొమ్మలోనే దాచుకుంటుందనీ, తొమ్మిదేళ్లుగా తాను కోసింది ఆ మొగ్గల్నేననీ మాబుకు అప్పుడు అర్థమైంది. మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఆ మాట ముందే చెప్పిన మనిషి చూడకుండానే పోయింది.

అప్పటి నుంచి ఆ చెట్టుకు చలికాలంలో కత్తెర తగలలేదు. ఎండాకాలంలో పువ్వు వాడగానే, దాని కింద మొదటి జంట కణుపు వరకే తుంచేవాడు. అయిదేళ్లుగా అది పూస్తూనే ఉంది.

ఇప్పుడు 1984. వయసు మీరి మాబు పని మానుకుంటున్నాడు, వచ్చే ఒకటో తారీఖు నుంచి తోట సుంకన్నది. అతను ఆస్పరి మనిషి, మిల్లులో దూది బేళ్లు మోసి నడుము పట్టేసినవాడు. పని చూసుకుందామని ఆ పూట వచ్చాడు. మాబు తెల్ల ఊటీ చెట్టును రెండేసి కణుపులు ఉంచి కోసి చూపించాడు. సుంకన్న చటుక్కున కత్తెర అందుకుని రెండో కుండీ మీదికి వంగాడు.

"అది ముట్టుకోవద్దప్పా. దాని పువ్వు పాతకొమ్మలోనే ఉంటాది."

"సెట్టన్న్యాక కోస్తేనే గదన్నా సిగురు పెట్టేది."

"మల్లెకు అంతే. ఆ తెల్లదానికి అంతే. దీనికి కాదు."

"సరేలే మాబన్నా, నేను సూసుకుంటా," అన్నాడు సుంకన్న, కత్తెర తిరిగి ఇచ్చేస్తూ.

ఆ 'సూసుకుంటా' ఎలాంటిదో మాబుకు తెలుసు. తాను హుసేనమ్మతో అన్నదీ అలాంటి మాటే. చెవిటివాడి ముందు శంఖం ఊది లాభమేముంది? సుంకన్న పోయాక కూడా అతనికి మనసు నిలవలేదు. ఇన్నేళ్ల కష్టం ఒక్క కోతకు పోతుంది. చూడకుండా పోయిన మనిషి మాట కూడా దానితోపాటే పోతుంది. కాగితం రాసి పెడదామంటే అతనికి రాత రాదు, సుంకన్నకు చదువు రాదు.

మధ్యాహ్నం మెట్టు మీద కూర్చుని జొన్నరొట్టె మూట విప్పాడు. ఆ గుడ్డ హుసేనమ్మ పాత ఆకుపచ్చ చీరలోది. దాన్ని చూస్తూ రొట్టె నమలడం మర్చిపోయాడు. సుంకన్న ఏటేటా పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కే మనిషి. దర్గా దగ్గర ఎవరో మొక్కుకుని పచ్చగుడ్డ కట్టిన కొమ్మను తుంచడం అలా ఉంచి, దాని నీడ కూడా దాటడు.

మాబు గుడ్డ అంచు నుంచి ఒక పీలిక చింపాడు. కుండీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, అన్నిటికంటే ముదురు కొమ్మకు చుట్టి రెండు ముళ్లు వేశాడు. మొక్కూ లేదు, ముడుపూ లేదు, ఉన్నదల్లా చీర ముక్క. తప్పే.

"అల్లా మాఫ్ సేస్తాడులే," అనుకున్నాడు. హుసేనమ్మయితే నవ్వేది.

మిగిలిన రొట్టె తిని, చెంబెడు నీళ్లు తాగి, గోడకు వీపు ఆనించాడు. వాచ్‌మన్ హనుమన్న సాయంత్రం గేటు మూసేముందు పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

మూడో రోజున సుంకన్న తోటలోకి వచ్చాడు. మిగిలిన మల్లెపొదలు కోసి, వరండాలోకి వెళ్లి, గోనెపట్టా పక్కకు నెట్టి కత్తెర తెరిచాడు. పీలిక కనపడింది.

"ఏం మొక్కుకున్న్యాడో ముసలాయన," అని కత్తెర మూసి, చెప్పులు విడిచి, కుండీకి దండం పెట్టాడు.

మార్చి చివర్లో ఆ చెట్టు నాలుగు గుత్తులు పూసింది. వాటి కింద, ముదురు కొమ్మకు, ఎండకు సగం వెలిసిన ఆకుపచ్చ పీలిక రెండు ముళ్లతో అలాగే ఉంది.