వెనక బండికి దారి

వెనక లైటు మూత విప్పి, రెండు స్క్రూలూ పోకుండా పెదాల మధ్య పెట్టుకుని, బుధు జీపు పక్కన గొంతుక్కూర్చున్నాడు. మంచుకి ఇనుము వేళ్లను కొరుకుతోంది. మాడిపోయిన బల్బును లోపలికి నొక్కి తిప్పాడు. రాలేదు. చొక్కా అంచు చుట్టి మళ్లీ తిప్పితే ఊడింది. హోల్డరు అడుగున తుప్పు. గరుకు కాగితం ముక్కతో దాన్ని నెమ్మదిగా రుద్దుతున్నాడు.

ఎప్పుడూ కుడివైపు బల్బే పోతుంది. ఘాట్ రోడ్డులో వెనక బండి తొందరపడుతుంటే, ఎదర ఏదీ రావడం లేదని చూసుకుని కుడి సిగ్నల్ వేస్తారు. నువ్వు ముందు వెళ్లిపో అని దానర్థం. కొండ డ్రైవర్లందరూ వేస్తారు గానీ బుధు వేసినంతగా ఎవరూ వెయ్యరు. మీసం రాకముందు నుంచీ పాడేరు రోడ్డు మీద మనుషుల్నీ, కాఫీ బస్తాల్నీ తోలుతున్నాడు. ఒక్క బండినైనా దాటి వెళ్లినట్టు అతనికి గుర్తులేదు.

అరుగు మీద అతని తల్లి యర్రమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. రాత్రినుంచి ఆయాసం. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు పైకి లేస్తున్నాయి. ఆమెనే పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

“ఆస్పత్రి నుంచొచ్చినాక ఏద్దువులే బల్బు. ముందు ఎల్దాం, అత్త రొప్పుతంది,” అంది భార్య చిన్నమ్మి.

“లంబసింగి మంచు సూసిన కార్లన్నీ ఈ యేళకే అరకు పోతాయి. ఎనకోడికి దారి సెప్పాల కదా,” అన్నాడు బుధు, స్క్రూలు చేతిలోకి తీసుకుని.

“ఎనకోడి గొడవ నీకేల?”

బుధు స్క్రూలు మళ్లీ పెదాల మధ్య పెట్టుకున్నాడు.

“ఆడ్నొగ్గీ గుంటా,” అంది యర్రమ్మ కోడలితో. మధ్యలో ఆగి ఊపిరి అందుకుంది. “కడుపులోంచి కూడా బేగి రానేదు ఈడు. ఎనకెవుడన్నా ఉన్నాడేమో అని సూసినట్టున్నాడు.”

చిన్నమ్మి ఫక్కున నవ్వింది. బుధుకీ నవ్వొచ్చింది గానీ పెదాల మధ్య స్క్రూలున్నాయి.

ఆశ్రమ పాఠశాలలో ఒక్క సీటు ఉందంటే తమ్ముడు చేరాడు. తండ్రి పోయాక కాఫీ మొక్కలున్న వాలు తమ్ముడిది అయింది, రాళ్ల వాలు బుధుది అయింది. ఎవరూ లాక్కోలేదు. అతనే పక్కకి జరిగాడు.

కొత్త బల్బు బిగించాక చిన్నమ్మి లోపలికెక్కి సిగ్నల్ వేసింది. వెనకది వెలిగింది. కానీ లోపల టిక్కుటిక్కు చప్పుడు మరీ వేగంగా వస్తోంది. అంటే ముందు బల్బు కూడా పోయింది. బుధు స్క్రూడ్రైవర్ పట్టుకుని ముందుకి నడిచాడు.

“అదెవుడికి?” అంది చిన్నమ్మి. ఈసారి నవ్వలేదు.

“ఎదరొచ్చినోడికి.”

బయల్దేరేసరికి మంచు విడిపోయింది. యర్రమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, చిన్నమ్మి వెనకనుంచి ఆమె భుజాలు పట్టుకుంది. కుదుపులకి ఆయాసం పెరుగుతోందని బుధు నెమ్మదిగా తోలాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. కుడి సిగ్నల్ వేశాడు. ఒక కారు దాటిపోయింది. దాని వెనకే ఇంకోటి, లోపల పాటలు పెట్టుకుని. తర్వాత ఒక వ్యాను. అన్నీ వెళ్లేదాకా టిక్కు, టిక్కు, టిక్కు.

సిగ్నల్ ఆపాడు. పక్క సీట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

“ఆపీ,” అంది చిన్నమ్మి, చాలా మెల్లగా.

రోడ్డు పక్కకి తీసి ఆపాడు. తల్లి తల అతని భుజం వైపు ఒరిగి ఉంది. వెనకెవరో హారన్ కొట్టారు. బుధు చెయ్యి దానంతటదే సిగ్నల్ మీదకి వెళ్లింది.

ఆసుపత్రిలో దారిలోనే పోయిందని చెప్పారు. ముందే వచ్చుంటే ఏమయ్యేదో అతను అడగలేదు. చిన్నమ్మీ అడగలేదు.

మధ్యాహ్నం ఇంటి ముందు నలుగురూ వచ్చి యర్రమ్మను దింపుకుని లోపలికి తీసుకెళ్లారు. బుధు జీపు తలుపు వెయ్యబోయి ఆగాడు. ముందు సీటు మడతలో, ఆమె రొండిలోంచి జారిపడిన సగం చుట్ట ఉంది, నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు వల్ల నల్లగా కాలిన కొసన పంటిగాట్లతో.