పేర్లు చదవని కోత పండుగ

దమ్మపేట దగ్గరి ఆ ఊళ్లో చర్చి సెక్రటరీ శాంతికుమార్. కోత పండుగ రోజు ఎవరి మొదటి పంట వాళ్లు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. ఒక్కొక్కరి పేరూ మైకులో చదివేది ఆయనే. మొదట చదివే పేరు ఏటా ఆయనదే. ఇదేం పద్ధతని ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన కూడా తనను తాను అడగలేదు.

ఈసారి టమాటాలు పెట్టాలనుకున్నాడు. అశ్వారావుపేట వైపు ఒక నర్సరీ నుంచి నారు తెచ్చి పెరట్లో నాటాడు. కాడకూ ఆకుకూ నడుమ మొలిచే పిలకలను గిల్లేస్తే కాయ పిడికిలంత అవుతుందని ఫోన్‌లో ఎవరో చెప్పగా విన్నాడు. ఆ చెప్పినాయన తాడు కట్టి పైకి పాకించే రకం గురించి చెప్పాడు. శాంతికుమార్ నాటింది గుబురుగా పెరిగే, పిలకలు గిల్లకూడని రకం. ఆ తేడా చెప్పేదాకా ఆగకుండానే ఆయన కత్తెర తీశాడు.

"చెట్టుకు గుండు కొట్టిస్తున్నవా ఏంది?" అంది భార్య తబిత.

"నీకు తెల్వది. పనికిరానిది తీసేస్తెనే ఫలం. మొన్న చర్చిల అయ్యగారు చెప్పేటప్పుడు నిద్రపోయినవా?"

"అయ్యగారు మన బుద్ధుల గురించి చెప్పిండు. టమాటాల గురించి కాదు."

కత్తిరించిన పిలకలను ఆయన గోడ అవతలికి విసిరాడు. అవి పక్కింటి విశ్రాంతమ్మ గిన్నెలు తోమిన నీళ్లు పోయే బురదలో పడ్డాయి.

"ఓ తమ్ముడూ! మీ చెత్త మా ఇంట్ల ఏందయ్యా?"

"మీ మేకకు పెట్టక్కా. ఆశీర్వాదం అనుకో."

మేక వాసన చూసి మొహం తిప్పుకుంది. ఏరి పారేయడానికి విశ్రాంతమ్మకు బద్ధకమేసింది. టమాటా కొమ్మకు తడి తగిలితే చాలు, వేరు దించుకుంటుంది. సెక్రటరీ అనుమతి దానికి అక్కర్లేదు.

పండుగ దగ్గరపడేసరికి శాంతికుమార్ మొక్కలు కర్రల్లా నిలబడ్డాయి. కప్పడానికి ఆకు లేక, ఉన్న కాసిని కాయలూ ఎండకు ఒకపక్క తెల్లగా ఉడికిపోయాయి. గోడ అవతల మాత్రం ఎర్రగా గుత్తులు గుత్తులు.

"ఈయేడు మొదటి పేరు నాదే" అని విశ్రాంతమ్మ బోరింగు కాడ అందరికీ చెప్పేసింది.

ఆ మాట విన్న దగ్గర్నుంచి శాంతికుమార్‌కు అన్నం సయించలేదు. పాస్టరు జస్టిన్ గారి ఇంటికి పోయాడు.

"అయ్యగారూ, అవి నా చెట్టు కొమ్మలు. ఆమె తెచ్చే గంప నా పేరు మీదనే చదవాలె."

పాస్టరు గారు ఎవరినీ నొప్పించని మనిషి. అందుకని కమిటీ వేశారు. కమిటీ పెద్దలు రెండు పెరళ్లూ తిరిగారు. విశ్రాంతమ్మ టమాటాలను ఉప్పు అద్దుకొని తిన్నారు. రుచిని బట్టి ఇవి ఎవరివో తేల్చలేమని మరో రెండు తిన్నారు.

"అవ్, కొమ్మ ఆయనదే. పారేసిండు గదా!" అంది విశ్రాంతమ్మ. "గట్లయితే ఆయనకు నారిచ్చిన నర్సరోళ్ల పేరు చదువుండ్రి."

"నారు నేను కొన్న అక్కా!"

"కొంటివి. మొలిపించింది ఎవరు?"

"దేవుడు" అన్నారు పాస్టరు గారు, అలవాటు కొద్దీ.

కమిటీలో పెద్దవాడైన ఆంథోనికి దారి దొరికింది. "ఇంకేంది? అన్నీ దేవునివే. ఈయేడు ఎవరి పేరూ చదవొద్దు."

అంత భక్తిగల మాటను ఎవరు కాదంటారు? అందరూ ఆమెన్ అన్నారు.

పండుగనాడు చూస్తే, నిరుడు బస్తా వడ్లు తెచ్చినవాళ్లు చిన్న సంచీతో వచ్చారు. గుమ్మడికాయలు తెచ్చినవాళ్లు కొత్తిమీర కట్టతో సరిపెట్టారు. వీళ్లు దేవునికి ఇవ్వడానికి వస్తున్నారా, తమ పేరు వినడానికా అని శాంతికుమార్‌కు మొదటిసారి అనుమానం వచ్చింది. వాళ్ల మీదే వచ్చింది.

పాట అయిపోయింది. పేరు పిలవందే లేవడం ఎవరికీ అలవాటు లేదు. అందరూ ఒళ్లో సంచులు పెట్టుకొని కూర్చున్నారు. మైకు ముందు శాంతికుమార్ దగ్గాడు. చదవడానికి ఏమీ లేదు.

ఆడవాళ్ల వైపు నుంచి విశ్రాంతమ్మ లేచింది. కొంగు నెత్తిన సర్దుకొని, నిండు గంప తెచ్చి బల్ల ముందు దించింది. రెండడుగులు వెనక్కి వేసి, ఉండబట్టలేక "విశ్రాంతమ్మ!" అంది, మైకు అక్కర్లేని గొంతుతో.

ఇక వరస మొదలైంది. సంచి దించడం, తన పేరు తాను చెప్పడం. కొత్తిమీర తెచ్చినాయన ఇంటిపేరుతో సహా చెప్పాడు. పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థనో, నవ్వు ఆపుకోవడమో తెలియలేదు.

అందరూ అయ్యాక శాంతికుమార్ జేబురుమాలు విప్పాడు. ఉడికిన కాయలను విశ్రాంతమ్మ గంప పక్కన పెట్టి, గొణిగినట్టు తన పేరు చెప్పాడు.

"ఇనపడలే తమ్ముడూ!" అంది విశ్రాంతమ్మ.

"దేవునికి ఇనపడ్డదిలే అక్కా."

"మాకు ఇనపడలే గదా!"

చర్చి అంతా నవ్వింది. శాంతికుమార్ బల్ల వైపు చూశాడు, జనం వైపు చూశాడు. తరువాత మైకు దగ్గరికి నడిచాడు.