నా వెనకవైపు రాసిన చెల్లు

నేను ఒక వంద రూపాయల స్టాంపు కాగితాన్ని. ఎక్కడో దూరాన ప్రభుత్వ ముద్రణాలయంలో పుట్టాను. నాతో పుట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు, అందరి మొహమూ ఒకటే. తెనాలిలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పందిరి కింద కూర్చునే స్టాంపు వెండరు ఒకరోజు నన్ను పెట్టెలోంచి తీసి, వెనక్కి తిప్పి ముద్ర కొట్టి, తేదీ వేసి, కొన్నవారి పేరు రాశాడు. పేరిందేవి. అలా నేను ఆవిడ కాగితాన్నయ్యాను.

పేరిందేవి మార్కెట్టు వెనక సందులో అద్దె గదిలో భోజనాల మెస్సు నడిపేది. భర్త పోయాక పదకొండేళ్లు పొయ్యి ముందే నిలబడి కాస్త కూడబెట్టుకుంది. గది యజమాని ఏటా అద్దె పెంచి, పెంచినప్పుడల్లా ఖాళీ చెయ్యమని కూడా అనేవాడు. ఇక సొంత జాగా ఉండాలనుకుంది. రిటైరైన డ్రిల్లు మాస్టారు పున్నారావు ఊరి చివరి నూట ఇరవై గజాల స్థలం మూడు లక్షలకి ఇస్తానన్నారు. లక్ష అడ్వాన్సు, మిగతా రెండు లక్షలు ఆరు నెలల్లో ఇస్తే రిజిస్ట్రేషన్ అని లేఖరి నా ముందువైపు ఖాళీ లేకుండా రాశాడు. ఒకరి మీద ఒకరికి పూర్తి నమ్మకం ఉందని చెప్పుకుంటూనే ఇద్దరూ నలభై రెండు లైన్లు రాయించారు.

అయిదో నెలలోనే ఆవిడ రెండు లక్షలూ పట్టుకుని మాస్టారి వరండాలోకి వచ్చింది. రసీదు అడగాలని ఆవిడకి తోచలేదు. ఆయనే లోపలినుంచి పెన్ను తెప్పించుకుని, నన్ను తిప్పి, వెండరు ముద్ర కింద గుండ్రటి దస్తూరితో రాశారు: “బాకీ రెండు లక్షలు ఈ రోజు పూర్తిగా ముట్టినవి.” సంతకం చేసి తేదీ వేశారు. శూన్యమాసం వెళ్లాక రిజిస్ట్రేషన్ పెట్టుకుందామన్నారు.

ఆ నెలలోనే బైపాస్ రోడ్డు ఆ స్థలం పక్కనుంచి పోతుందని తెలిసింది. ధర అయిదింతలైంది. మాస్టారికి ముందు మోకాళ్ల నొప్పులన్నారు, తర్వాత ఊళ్లో లేరన్నారు, చివరికి లాయరు నోటీసు వచ్చింది. గడువులోగా బాకీ ముట్టలేదు కాబట్టి అగ్రిమెంటు చెల్లదట. పేరిందేవి కోర్టుకెక్కింది. నాకు ఏ-1 అని గుర్తు వేసి, అంచున చిల్లు పొడిచి, ఫైల్లో కుట్టేశారు.

కేసు ఆరేళ్లు నడిచింది. మాస్టారిని బోనులో నిలబెట్టినప్పుడు పేరిందేవి లాయరు భుజంగరావు నా వెనకవైపు చూపించి, సంతకం ఎవరిదని అడిగారు. “నాదే” అన్నారాయన, పక్కవాళ్లకి కూడా వినపడనంత నెమ్మదిగా. టైపిస్టు మాత్రం విన్నాడు. ఆ తర్వాత ఆ జడ్జి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన జడ్జిగారు అన్నీ కాగితాల్లో చదివే తీర్పు రాయాలి. ఆ జడ్జిగారి చేతిలో ఉన్నది నా జిరాక్సు, అదీ ముందువైపే. నా వెనక వెండరు ముద్ర తప్ప ఇంకేముంటుందిలే అని ఎవరూ తిప్పలేదు.

మిగతా రెండు లక్షలు చెల్లించినట్టు ఏ కాగితమూ లేదని తీర్పులో రాశారు. అడ్వాన్సు లక్ష తిరిగి ఇచ్చేస్తే చాలట, స్థలం ఇవ్వనక్కర్లేదట. జడ్జిగారు ఆ వాక్యం రాసినప్పుడు నేను ఆవిడ మోచేతి పక్కనే ఉన్నాను.

తర్వాత సంగతి భుజంగరావు గుమాస్తా బెంచి క్లర్కుతో చెబుతుంటే విన్నాను. తీర్పు చదివి వినిపించి, కాగితం వెనకవైపు జడ్జిగారు చూడనేలేదు, అప్పీలుకు వెళ్దాం, మరో అయిదారేళ్లు పడుతుంది అన్నారట లాయరు. దానికి పేరిందేవి ఇలా అందట.

“జడ్జిగారు అసలు చూడనేలేదంటున్నారుగా. మరి ఆవిడకే చూపిస్తే పోలా?”

భుజంగరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నారట. వాదన రోజున తాను కూడా నన్ను తిప్పి చూపలేదు. నెల తిరక్కుండా అదే కోర్టులో రివ్యూ పిటిషన్ వేశారు.

విచారణ రోజున మాస్టారి లాయరు, తీర్పు నచ్చనంత మాత్రాన కేసు మళ్లీ వినమనడం కుదరదని చెప్పారు. నిజమేనన్నారు జడ్జిగారు. భుజంగరావు ఏ-1 ఒక్కసారి తిప్పి చూడమని మాత్రమే కోరారు. కుట్టు బిగుతుగా ఉంది, బెంచి క్లర్కు దారం సడలించాల్సి వచ్చింది. జడ్జిగారు నా వెనకవైపు చదివారు. మాస్టారి వాంగ్మూలం తెప్పించుకుని, “నాదే” అన్న ఆ ఒక్క లైను వెతికి చదివారు. మళ్లీ నా దగ్గరికి వచ్చారు.

“ఇది కొత్త సాక్ష్యం కాదు,” అన్నారు. “మొదటినుంచీ నా బల్ల మీదే ఉంది. నేనే చూడలేదు. పొరపాటు నాది, పేరిందేవిగారూ.”

పేరిందేవి ఏం చెయ్యాలో తెలియక చేతులు జోడించింది. పాత తీర్పు రద్దయింది. నెలలోగా స్థలం రిజిస్టరు చేసివ్వాలని కొత్త తీర్పు వచ్చింది.

కోర్టు లేచాక పున్నారావు మాస్టారు బల్ల దగ్గరికి వచ్చి, ఆ కాగితం ఒకసారి చూడొచ్చా అని అడిగారు. బెంచి క్లర్కు నన్ను వదలకుండానే పట్టుకుని చూపించాడు. మాస్టారు తన దస్తూరిని చాలాసేపు చూశారు. పేరిందేవి తలుపు దగ్గరే ఆగిపోయింది.

“ఇది రాసినట్టు గుర్తులేదని ఇంట్లో చెప్పానమ్మా,” అన్నారాయన నావైపే చూస్తూ. “వాళ్లు నమ్మారు. నాకు గుర్తుంది.”

“నాకు తెలుసు మాస్టారూ,” అంది పేరిందేవి. “ఆరేళ్లూ మీరు నా మొహం చూళ్లేదుగా.”

కోర్టు పిలవకముందే, పదిరోజుల్లో, మాస్టారే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి సంతకం చేసి వచ్చారని గుమాస్తా చెప్పాడు. ఆటో ఖర్చు పేరిందేవి ఇస్తానంటే తీసుకోలేదట.

నేనిప్పుడు రికార్డు గదిలో ఉన్నాను. అర్జీ పెట్టుకుంటే నన్ను వెనక్కి ఇస్తారు, కానీ రిజిస్టరు దస్తావేజు చేతిలో ఉన్న మనిషికి నాతో పనేముంది? కొన్నేళ్లు గడిచాక నాలాంటివాటిని తగలబెట్టే రూలు ఒకటుందట. దిగులేమీ లేదు. బైపాస్ పక్కన రేకుల కప్పు వేసి మెస్సు తెరిచిందట పేరిందేవి. కోర్టులో మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు బెంచి క్లర్కు సైకిలెక్కి అక్కడికే వెళ్తున్నాడు.