దగ్గే కుందా

పొద్దున్నే కొట్టు తలుపులు తీయగానే మౌలా అలీ సరేసు గిన్నెను కుంపటి మీద పెట్టేవాడు. అది కరిగి జిగురయ్యేలోపు ఉలులు నూరుకునేవాడు. ఆ పక్కనే అతని భార్య ఇమాంబీ ఓ చెంబులో వాము వేసి నీళ్లు కాచేది. ఆ ఆవిరి ఇంట్లో మనుషుల కోసం కాదు, గోడకు తగిలించిన పాత తుపాకి కుందా కోసం.

కుందా అంటే తుపాకి గొట్టాన్ని పట్టి ఉంచే కర్ర. సికింద్రాబాద్ దండులో, అంటే కంటోన్మెంటులో, ఇంగ్లీషు దొరల వేట తుపాకులకు కుందాలు చెయ్యడమే మౌలా అలీ పని. గోడ మీదున్నది మాత్రం అతని తండ్రి అల్లాఉద్దీన్‌ది. వత్తి అంటించి పేల్చే పాతకాలపు తుపాకి అది. ముసలాయన ధాన్యం గోదాం ముందు ఏళ్ల తరబడి కాపలా కాస్తూ, ఆ ఇరుగుడు కర్రకు చెంప ఆనించి వానలోనూ చలిలోనూ దగ్గాడు. ఆయన పోయాక గొట్టం తుప్పుపట్టి పాత సామానులో కలిసిపోయింది. దగ్గు కర్రలో ఉండిపోయింది. ముసురు పట్టిందంటే కుందా ఖళ్లుఖళ్లున దగ్గేది. పక్కింటి రోసమ్మ, మిషను బడిలో టీచరు, తేనెలో అల్లం రసం కలిపి పంపేది. ఇమాంబీ దాన్ని గుడ్డతో కర్రకు పట్టించేది.

నలభై ఎనిమిది వానాకాలం వచ్చేసరికి దండులో దొరలు లేరు, కొట్టులో పని లేదు. స్టేషన్లో బెజవాడ బండి నిండా మూటలు, పిల్లలు. ఇండియన్ యూనియన్ సైన్యం వస్తోందని ఒకరు, రాదని ఒకరు. మౌలా అలీ ఒక చెక్కను చిత్రిక పట్టడం మొదలుపెట్టి, సగంలో వదిలేసి వీధిలోకి చూసి వచ్చేవాడు. కాసేపటికి మళ్లీ వెళ్లి చూసేవాడు. ఏం చూడాలనుకుంటున్నాడో తనకే తెలియదు.

అతని కొడుకు ఫకీర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తోటివాళ్లతో పాటు ఆ ఎండాకాలమే నిజాం తరఫు రజాకార్లలో చేరాడు. ఒకనాడు గోనెసంచిలో చుట్టిన రైఫిలు తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. ఊరు వదిలి వెళ్లిన ఒక దొర దగ్గర బట్లరుగా చేసిన పేతురు అమ్మాడట. ఇనుము కొత్తదే, కర్ర నిలువునా పగిలి ఉంది.

"దాదా కుందాల దీన్ని కూసోబెట్టు అబ్బా," అన్నాడు.

"ఎవర్ని కొట్టనీకి?"

"ఎవర్ని గాదు. చేతుల ఉంటె ఎవడు దగ్గరికి రాడు."

"వానలల్ల దాని తబియత్ మంచిగుండదు. ఎక్కడెక్కడ తిప్పుతవు?"

"నువ్వు చెయ్యకుంటె బరిసె పట్టుకొని పోత."

పోతాడని మౌలా అలీకి తెలుసు. కుందాను గోడ మీంచి దించాడు.

అది చిన్న తూటా రైఫిలు. తూటా అడుగు అంచు మీద సూది దెబ్బ తగిలితే చాలు, పెద్దగా చప్పుడు లేకుండా పేలుతుంది. గొట్టం సన్నం. కుందాలో పాత గొట్టం పడుకున్న గాడి వెడల్పు. ముందు ఆ గాడిని ఇరుగుడు చెక్కతో నింపి, సరేసు పోసి బిగించి ఆరబెట్టాడు. తర్వాత కొత్త గొట్టానికి దీపం మసి పూసి, కర్ర మీద అదిమి ఎత్తి చూశాడు. మసి అంటిన చోటల్లా ఉలితో గీరాడు. మళ్లీ పూశాడు, మళ్లీ గీరాడు. ఉలి దెబ్బకు కర్ర దగ్గినప్పుడల్లా దాని మీద అరచెయ్యి వేసి, తగ్గేదాకా ఆగేవాడు.

ఒకచోట వెంట్రుకంత సందు వదిలితే గొట్టం కదులుతుంది, గురి ఎప్పటికీ కుదరదు. ఆ ఆలోచన అతన్ని రోజంతా కుదురుగా కూర్చోనివ్వలేదు. గురి కుదరని తుపాకి పట్టుకుని కొడుకు ఎవరి ముందు నిలబడాల్సి వస్తుందో అన్న భయం ఒకవైపు, కుదిరితే ఏం చేస్తాడో అన్న భయం ఇంకోవైపు. చివరికి సందు వదలలేదు. ఇనుము కర్రలో పుట్టినట్టే కూర్చుంది.

వెళ్లే రోజు ఇమాంబీ కొడుకు నుదుటి మీద ముద్దు పెట్టి, కుందాకు ఫ్లానెల్ గుడ్డ చుట్టింది.

ఆకాశంలో విమానాలు తిరిగాయి. సూర్యాపేట రోడ్డు మీద సైన్యం వచ్చేస్తోందన్నారు. ఆ తర్వాత నిజాం లొంగిపోయాడని రేడియో చెప్పింది. ఆ మర్నాడు మధ్యాహ్నం వీధి చివర దగ్గు వినబడింది. మౌలా అలీ ఉలి కింద పడేసి పరుగెత్తాడు. ఫకీర్ తడిసి ముద్దయి, చెప్పుల్లేకుండా వస్తున్నాడు. భుజాన రైఫిలు ఆగకుండా దగ్గుతోంది.

అన్నం తిన్నాక చెప్పాడు. తమను లారీలో తీసుకుపోయి సూర్యాపేట రోడ్డు పక్కన జొన్నచేలో దాచారట. మూటలు ఎత్తుకుని కొన్ని కుటుంబాలు వస్తున్నాయి. ముందున్నవాణ్ని కొడితే మిగతావాళ్లు మూటలు పడేసి పరుగెడతారన్నాడు నాయకుడు. సైన్యం దగ్గర్లోనే ఉంది, చప్పుడు కాకూడదు. చప్పుడు చెయ్యని తుపాకి ఫకీర్‌దే. ఫకీర్ కర్రకు చెంప ఆనించాడు. అప్పుడే కుందా దగ్గింది, ముసలాయన ఊపిరి అందక దగ్గినట్టే. రోడ్డు మీది జనం ఆగి చూసి, అవతలి చేలోకి దూకేశారు. నాయకుడు ఫకీర్‌ను తన్ని, ఆ దరిద్రాన్ని అక్కడే పారెయ్యమన్నాడు. ఫకీర్ దాన్ని పారెయ్యకుండా అటునుంచి అటే నడుచుకుంటూ వచ్చేశాడు.

"మీట మీద వేలుండెనా?" అని అడిగాడు మౌలా అలీ.

"ఉండె."

"నొక్కుతుంటివా?"

ఫకీర్ కంచం పక్కకు జరిపాడు. "తెల్వదు అబ్బా. దాదా దగ్గకపోతె తెలుస్తుండె."

ఆయుధాలన్నీ అప్పజెప్పాలని వీధుల్లో చాటించారు. కాప్రా చెరువులో పడేస్తే పీడ పోతుందన్నారు ఇరుగుపొరుగు. తండ్రిని చెరువులో పడెయ్యడానికి మౌలా అలీకి మనసొప్పలేదు. కొడుకును వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్లాడు. వరండా నిండా ఊళ్లనుంచి వచ్చి ఫిర్యాదు చెప్పుకునేవాళ్లు ఉన్నారు. రైఫిలును బల్ల మీద పెట్టగానే చల్లగాలికి దగ్గు అందుకుంది.

వరండాలోంచి ఒక మనిషి లేచి వచ్చాడు. పర్వతాలు అనే రైతు, సూర్యాపేట దిక్కువాడు. వంగి కర్రకు చెవి పెట్టి విన్నాడు. తర్వాత ఫకీర్ వైపు చూశాడు. ఫకీర్ తల దించలేదు.

"ఈ దగ్గే సార్," అన్నాడు పర్వతాలు, కొత్తగా వచ్చిన అధికారితో. "రోడ్డు మీద మాకు ఇనొచ్చింది. జొన్నచేండ్ల ఎవలో ఉన్నరని గప్పుడే ఎరికైంది. గట్ల బతికినం."

"తుపాకి పట్టుకున్నది ఈ పిల్లవాడేనా?" అని అడిగాడు అధికారి.

పర్వతాలు చూపు మళ్లీ కర్ర మీదికి తిప్పాడు. "మొఖం సూడలే సార్. దగ్గు ఒక్కటే ఇన్న."

అధికారి రైఫిలు తీసుకుని ఫకీర్‌ను పొమ్మన్నాడు. ఒక జవాను దాన్ని తక్కిన తుపాకుల పక్కన పెట్టి, జల్లు పడకుండా గోనెపట్టా కప్పాడు.

బయట మౌలా అలీ పరుగున వెళ్లి పర్వతాలు చేతులు పట్టుకున్నాడు.

పర్వతాలు మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. "నీ కొడుకు కోసం చెప్పలే సాయబూ. ఆని మొఖం మంచిగనే సూసిన, నాకు యాదికుంది. ఆ కర్రల దగ్గే ముసలాయన కోసం చెప్పిన."

ఆ మాట వెనకే నిలబడ్డ ఫకీర్‌కు వినబడింది. పర్వతాలు తల్లి మెట్ల దగ్గర పెద్ద మూట ఎత్తుకోలేక తంటాలు పడుతోంది. ఫకీర్ వెళ్లి వంగి మూట అందుకున్నాడు. ఎవరో మంచి పిలగాడనుకుని ఆమె ఇచ్చేసింది, ఎక్కడికి పోవాలో కూడా చెప్పింది. పర్వతాలు చూశాడు. అడ్డు చెప్పలేదు, పలకరించనూ లేదు. ముగ్గురూ వానలో స్టేషను వైపు నడిచారు, ఫకీర్ అందరికంటే వెనక.