వణికే గీత

నాయిస్ తగ్గించాలని కోడలంటే అత్తగారికి రైస్ తగ్గించాలని వినబడింది, అందుకే కుండలో గుప్పెడు బియ్యమే పడ్డాయి, నాయిస్ అంటే రొద అత్తయ్యా అని హరిణి చెప్పాక సింహాచలమ్మ మళ్ళీ ఎసరు పెట్టింది, కడుపులో రొద ఆగలేదు, తెరమీద గీత వణుకూ ఆగలేదు, దీన్ని అయస్కాంతం అన్నవాడెవడో గాని ఆయాసకాంతం అనాల్సింది, రైలు ఇరుసులో వెంట్రుకంత పగులున్నా అక్కడ అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, ఆ చెదురుని పట్టే సెన్సార్ హరిణిది, పట్టాల కరెంటు రొద తగలకూడదనే గదా ల్యాబ్ నుంచి తాల్‌బగీచా పేటలోని తమ ఇంటి వెనకగదికి మోసుకొచ్చింది, ఫ్రిజ్ ఆపింది, ఫ్యాను ఆపింది, తీగలు జడలా అల్లింది, తన జడలో పిన్నులూ పీకేసింది, సాయంత్రం పరిశోధన గైడుగారు వచ్చేసరికి గీత పడుకోకపోతే ఇది వదిలేసి ఇంకో పని చూసుకోమంటారు, ఇన్నేళ్ళ సెన్సార్‌కి సెన్సారువాళ్ళ కత్తెరే.

అన్నానికి కేక వినబడితే లేచి, గుమ్మంలోంచి ఎందుకో వెనక్కి చూస్తే గీత పసిపిల్లలా పడుకుని ఉంది, వచ్చి మీట మీద చెయ్యి వేయగానే లేచి కూర్చుంది, కుడిచేతికి ఊరుకుంది, ఎడమచేతికి ఊగింది, ఎడమచేతికున్నది పెళ్ళిలో అత్తగారు తొడిగిన గాజొక్కటే, బంగారానికీ అయస్కాంతానికీ ఏం చుట్టరికం, అత్తయ్యా ఇది బంగారమేనా అని అడిగేసి నాలుక కరుచుకుంది, అత్తగారి బంగారాన్ని కోడలు అనుమానిస్తే లేచే రొదకి ఏ ఫిల్టరూ చాలదు.

సింహాచలమ్మ గరిటె కింద పెట్టింది, పైనే బంగారమమ్మా, లోపల ఇనుమే, సుభాష్‌పల్లిలో అద్దెకున్ననాడు పక్కింటి దీదీ సేతికి సూసినాను, మొగుడు సల్లగుండాలని బెంగాలీ ఆడోళ్ళు ఎడంసేతికి ఇనప గాజు ఏస్తారు, మా గిరి గూడ్సుబండి నడుపుతాడు గదా, అందుకని నీకూ సేయించినాను, పెళ్ళికూతురికి ఇనుమేటని మీవోళ్ళు నవ్వుతారని పైన బంగారం తొడిగించినాను.

ఆవిడ కళ్ళలో బెదురు చూసి, పోనీలే అత్తయ్యా, సార్‌కి ఏదో చెప్పుకుంటాను అనబోయింది హరిణి, అంతలో ఆవిడే అడిగింది, నీ పెట్టి గిరి బండి ఇరుసులో పగులు కూడా పట్టేస్తాదా, పట్టేస్తుంది అత్తయ్యా, ఆవిడ కోడలి చేతికి సబ్బు నురగ పట్టించి, కణుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని లాగేసింది, గాజుని కొంగున ముడేసుకుంది, దేముడికి నాను సెప్పుకుంటాను, నువ్వెల్లి నీ పని సూసుకో.

గీత పడుకుంది, చెయ్యి పెట్టినా లేవలేదు, బోసి మణికట్టు మీద నురగ ఇంకా ఆరలేదు, తను వడగట్టి పారేద్దామనుకున్న రొద ఓ తల్లి మొక్కు, ఆ మొక్కుని తన చేతినుంచి ఆవిడే తీసి ఈ పెట్టెకి అప్పగించింది, ఇంత నమ్మకం తనకి ఏ గైడూ ఇవ్వలేదు, గిరి బండికి కాపలా కాసే పరికరం తను కొత్తగా కనిపెట్టానని మురిసిపోయింది గాని, ఆ కాపలా తనకన్నా ముందునుంచే ఈ ఇంట్లో ఉంది, ఇవాళ్టితో అది తన చేతికొచ్చింది.