కిటికీ దగ్గరి వెలుగు

మా డాక్టరుగారి దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసేది ఇద్దరం: నేను, నా తోటికోడలు. దాన్ని ఈ పనిలోకి తెచ్చింది నేనే. పాముకు పాలు పోస్తున్నానని అప్పుడు తెలియదు. ఇప్పుడు పై శిక్షణకు ఒకే ఒక్క సీటు వచ్చింది. అది దక్కినవాళ్ళే రేపు మా ల్యాబుకు పెద్ద. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇద్దరికీ డాక్టరుగారి సిఫార్సు ఉత్తరం కావాలి.

“నీ గురించి నీకంటే ఎవరికి తెలుసమ్మా? నువ్వే రాసుకురా, సంతకం పెడతాను,” అన్నారాయన.

నా పొగడ్త నేనే రాసి ఆయన నోట్లో పెట్టడం తప్పు కాదా అని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే. రాత్రి ఇంట్లో రాయడానికి కూర్చున్నాక కలం ఆగితే ఒట్టు. నైపుణ్యం, అంకితభావం, సహనం... సహనం దగ్గర ఉండగా మా ఆయన టీవీ పెంచాడు. నేనరిచిన అరుపుకు రిమోట్ జారవిడిచి, వచ్చి కాగితంలోకి తొంగిచూసి, “ఎవరబ్బా ఈ మహాతల్లి?” అన్నాడు.

డాక్టరుగారు చదవకుండానే సంతకం పెట్టేశారు.

మర్నాడు రెండు ఉత్తరాలూ కవరులో పెట్టే పని నాకే పడింది. తోటికోడలిది చూశాను. చూడకుండా ఉంటానా? కోడి కెలికినట్టుండే డాక్టరుగారి చేతిరాత!

“ఏమే, నీది ఆయనే రాశారా?”

“అవునక్కా. నన్నూ రాసుకురమ్మన్నారు. నా గురించి నేనేం రాసుకోను, సిగ్గేస్తుంది, మీకు తోచిన రెండు ముక్కలు రాయండి సార్ అన్నాను.”

అడిగితే రాసేవారా! నాకా మాటే తట్టలేదు.

నిజంగానే రెండు ముక్కలు. “పన్ను రంగు చూడటానికి ఈమె దీపాన్ని నమ్మదు. రోగిని లేపి కిటికీ దగ్గరికి తీసుకెళ్తుంది. ఈమె చేసిన పన్ను వెనక్కి వచ్చింది లేదు.”

కిటికీ! ఆ కిటికీ నాది. ఇది కొత్తగా చేరినప్పుడు చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళి, “దీపం కింద అన్ని పళ్ళూ తెల్లగానే కనిపిస్తాయే, పిచ్చిదానా” అని చూపించింది నేను. నా ఉత్తరం మళ్ళీ చదివాను. సహనం ఉంది, అంకితభావం ఉంది. కిటికీ ఎక్కడా లేదు. ఇప్పుడు చేరిస్తే దాన్ని చూసి కాపీ కొట్టాననుకుంటారు.

“ఆ కిటికీ సంగతి నేర్పింది నువ్వేగా అక్కా,” అంది తోటికోడలు కవరుకు జిగురు రాస్తూ. “నీదాంట్లో ఇంకా బాగా రాసుకుని ఉంటావులే.”

దాని ముఖంలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

“రాసుకోకుండా ఉంటానా?” అని కవరు లాక్కుని, నేనే అంటించేశాను.