కుట్టని కోటు

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ తొలిసారి ఓట్లు వేసిన ఆ ఏడాది ఆగస్టులో లక్ష్మీనారాయణ చేతిలో ఉన్నవి ఇవి: స్టాంగర్ బజారులో తాతల నాటి బట్టల కొట్టు, వెనక గదిలో మూడు కుట్టుమిషన్లు, సముద్రం వైపున్న హైస్కూలుకు యూనిఫారాలు కుట్టే హక్కు, అదే స్కూల్లో ఆఖరి ఏడాది చదువుతున్న కూతురు షాంటెల్. తెల్లవాళ్ళ పిల్లలే చదివే రోజుల్లో ఆ స్కూలు గేటు దాకా బట్టల మూట మోసుకెళ్ళిన అతని తండ్రిని పనివాళ్ళ దారిన పొమ్మన్నారు. ఇప్పుడు అదే గేట్లోంచి మనవరాలు దర్జాగా నడిచి వెళ్తోంది. లక్ష్మీనారాయణ దీన్ని లాభం కింద వేసుకున్నాడు. పాత కోపాన్ని మాత్రం ఏ పద్దు కిందా వెయ్యకుండా అట్టే పెట్టుకున్నాడు. పాడయ్యే సరుకు కాదని తెలిస్తే వ్యాపారి అమ్మకానికి తొందరపడడు.

ఒక మధ్యాహ్నం షాంటెల్ బడి నుంచి వచ్చి, సంచి బల్లమీద పడేసి, కొట్టులోనే కూలబడింది.

"ఇలానా ఇక బడికి రాదట, నాయనా."

ఇలానా ఆమె స్నేహితురాలు. తండ్రి మోరిస్ పంచదార మిల్లులో కెమిస్టు. ఆ స్కూలు మొత్తానికి యూదుల పిల్ల ఆమె ఒక్కతే. తన మత నియమం వల్ల వీళ్ళింటికి వస్తే మాంసం ముట్టేది కాదు. అందుకే లక్ష్మీనారాయణ భార్య అమ్మణికి ఆమె అంటే తగని ముద్దు. "కన్న కూతురికన్నా ఈ పిల్లే నయం, నా పులిహోర విలువ తెలుసు" అనేది.

"ఎందుకు రాదు?"

"క్లాసులో ఆమె నడుస్తుంటే ముందు చిల్లర విసురుతున్నారు. రోజూ. క్రెయిగ్ మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు."

లక్ష్మీనారాయణ చేతిలో కత్తెర ఆగింది. తమ ఇళ్ళలో దారిలో చిల్లర చల్లేది ఒక్కప్పుడే. శవం ముందు నడుస్తూ పేలాలతో కలిపి చల్లుతారు.

"బతికున్న పిల్ల ముందు పీనుగకి చల్లినట్టు చల్లారా?" అన్నాడు.

"వాళ్ళ చేతులు పడిపోను," అంది లోపలి నుంచి అమ్మణి.

"అది కాదు. యూదులకు డబ్బు పిచ్చి, కిందపడ్డ సెంటు కూడా వదలరని వెక్కిరింపు. 'ఏరుకో, ఏరుకో' అంటారు. ఆమె కూర్చున్నాక వెనక నుంచి గ్యాస్ వదిలినట్టు సుయ్‌మని శబ్దం చేస్తారు. యూరప్‌లో ఆమె ముత్తవ్వ వాళ్ళందర్నీ అట్లాగే చంపారు గదా."

లక్ష్మీనారాయణ కత్తెర బల్లమీద పెట్టాడు. పీనుగ అని తాను పొరపాటున అన్నదే నిజమై కూర్చుంది. ఆ వెక్కిరింపు కూడా అతనికి కొత్త కాదు. కొట్టువాడి పిడికిట్లోంచి సెంటు తియ్యాలంటే పటకారు కావాలని తన తండ్రి ఎదుటే దొరలు నవ్వడం చిన్నప్పుడు విన్నాడు.

"హెడ్మాస్టరు ఏమన్నాడు?"

"మోరిస్ అంకుల్ వెళ్ళి అడిగారు. పిల్లల వేళాకోళం, పట్టించుకోవద్దన్నాడట. దేశమంతా ఇప్పుడిప్పుడే కలుస్తోంది, ఈ టైములో గొడవ ఎందుకన్నాడట."

"కలవడమంటే ఇదన్నమాట. నువ్వేం చేశావు?"

"తిట్టాను. నీకేం పనే సమోసా, అన్నారు." షాంటెల్ కళ్ళు తుడుచుకుంది. "పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఇప్పుడు మానేస్తే ఆమెకి ఏడాది పోతుంది, యూనివర్సిటీ సీటూ పోతుంది. అయినా ఆ గదిలోకి మాత్రం అడుగు పెట్టనంటోంది."

ఆ క్రెయిగ్ స్కూలుకి హెడ్ బాయ్. వాళ్ళ నాన్న స్కూలు కమిటీకి ఛైర్మన్. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఏటా బహుమతుల సభలో హెడ్ బాయ్‌ని వేదిక మీదికి పిలిచి క్రీమ్ రంగు కోటు తొడుగుతారు. తండ్రి కూడా ఒకప్పుడు ఆ కోటు తొడుక్కున్నవాడే. దాని బట్టా, అంచుకి వేసే చారల పట్టీ లక్ష్మీనారాయణ దగ్గర తప్ప దొరకవు. కొలత తీసి కుట్టాలి గానీ రెడీమేడ్ లేదు.

ఆ వారమే క్రెయిగ్‌ని తల్లి పమేలా ట్రయల్ చూడడానికి కొట్టుకి తీసుకొచ్చింది. లక్ష్మీనారాయణ అతన్ని చెక్కపెట్టె మీద నిలబెట్టి, పైపైన కుట్టిన కోటు తొడిగి, చంకల్లో, నడుం దగ్గర, వీపు మీద గుండుసూదులు గుచ్చాడు. ఆ కోటులో ఉన్న మనిషి బొమ్మలా నిలబడాల్సిందే.

"చేతులు చాచు బాబూ. కదలకు, గుచ్చుకుంటాయి."

అప్పుడు సొరుగులోంచి గుప్పెడు చిల్లర తీసి క్రెయిగ్ కాళ్ళ ముందు జారవిడిచాడు.

"ఏరుకో."

క్రెయిగ్ నవ్వబోయాడు. అలవాటు కొద్దీ కాస్త వంగాడు. చంకలో సూదులు దిగాయి. మళ్ళీ నిటారుగా అయ్యాడు. మెడ దగ్గర్నుంచి ఎర్రదనం పైకి పాకింది.

"ఏమిటిది నారాయణ్?" అంది పమేలా.

"ఈ ఆట మీ అబ్బాయిదే మేడమ్. నేను కొత్తగా నేర్చుకుంటున్నా. ఇలానా ముందు ఎట్లా విసిరావో చెప్పు బాబూ. అమ్మ వింటుంది."

"జోకు అది," అన్నాడు క్రెయిగ్.

"మరి నవ్వు."

క్రెయిగ్ నవ్వలేదు. పమేలా బల్ల దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఆ పిల్లకి రోషం ఎక్కువ. ఆ జనమే అంత, గోరంత దాన్ని కొండంత చేస్తారు."

"ఏ జనం మేడమ్?"

ఆమె మాట మార్చింది. "ముందు కోటు పూర్తి చెయ్యి. లేకపోతే వచ్చే ఏడు స్కూలు కాంట్రాక్టు నీకుండదు. మా ఆయన ఒక్క మాట చాలు."

"తెలుసు మేడమ్," అన్నాడు లక్ష్మీనారాయణ. సూదులు ఒక్కొక్కటే, తీరిగ్గా, క్రెయిగ్ బిక్కచచ్చి చూస్తుండగా తీశాడు. అంత హాయిగా అతను ఏ ట్రయలూ చూడలేదు.

ఆదివారం మోరిస్ ఇంటికి వెళ్ళాడు. ఇలానా వరండాలో పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది గానీ చదవడం లేదు. కొట్టులో జరిగింది చెబితే మోరిస్ ఆపుకోలేక నవ్వాడు. ఇలానా నవ్వలేదు.

"అది బయానా మాత్రమే," అన్నాడు లక్ష్మీనారాయణ. "కోటు కావాలంటే వాడు సభలో అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని నీ కాళ్ళ దగ్గర చిల్లర ఏరాలి. అడగమంటావా?"

"వద్దంకుల్. వాడు వంగితే నాకేం వస్తుంది? మర్నాడు ఆ క్లాసులో కూర్చోవాల్సింది నేను, మీరు కాదు."

"సరే, నీ బేరం నువ్వే చెప్పు."

ఇలానా పుస్తకం మూసింది. "ఇది వేళాకోళం కాదు, యూదుల మీద ద్వేషం అని హెడ్మాస్టరు అసెంబ్లీలో ఆ పేరుతోనే చెప్పాలి. మళ్ళీ జరిగితే నేను ఏ టీచర్ దగ్గరికి వెళ్ళాలో అందరికీ తెలియాలి. మా పెద్ద పండుగ యోమ్ కిప్పూర్ రోజు మేము ఉపవాసం ఉంటాం, బడికి వెళ్ళం. ఆ రోజే లెక్కల ప్రీఫైనల్ పరీక్ష పెట్టారు. అది మార్చాలి." మూసిన పుస్తకం కేసి చూస్తూ అంది, "నవ్వినవాళ్ళ కన్నా తల దించుకుని పుస్తకం చూసుకున్నవాళ్ళే నన్ను ఎక్కువ బాధపెట్టారు. వాళ్ళు కూడా వినాలి."

ఇంత చవగ్గా అడిగిందేమిటి అనుకున్నాడు లక్ష్మీనారాయణ. బేరం ఆమెది, కోపం తనది. రెండిటికీ వేర్వేరు మూటలు కట్టాడు.

కోటు పని ఆపేశాడని తెలిసి హెడ్మాస్టరు లక్ష్మీనారాయణని పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరినీ నొప్పించకపోవడమే మంచితనం అనుకునే రకం.

"కోటు ఆపేస్తే ఎట్లా, మిస్టర్ నారాయణ్? విద్యాశాఖ కొత్త పెద్దలు సభకి వస్తున్నారు. ఛైర్మన్ రోజూ ఫోను చేస్తున్నారు."

లక్ష్మీనారాయణ ఇలానా అడిగినవి వరసగా చెప్పాడు. హెడ్మాస్టరు కిటికీలోంచి మైదానం చూశాడు, చివరికి అడిగాడు.

"ఇవి చేస్తే కోటు కుడతారా?"

"కుడతాను," అన్నాడు లక్ష్మీనారాయణ. అబద్ధం. ఇన్నేళ్ళ వ్యాపారంలో అప్పటిదాకా కొలతలో గానీ మాటలో గానీ తప్పని మనిషి.

సోమవారం అసెంబ్లీలో హెడ్మాస్టరు కాగితం చూసి చదివినా, చెప్పాల్సిన పేరు పెట్టే చెప్పాడు. ఇలానా వెళ్ళాల్సిన టీచరుగా చరిత్ర చెప్పే ప్యాట్రీషియాని నిలబెట్టాడు. పరీక్ష మర్నాటికి మారింది. ప్యాట్రీషియా ఆ వారమంతా పాఠం పక్కనపెట్టి, యూరప్‌లో అంత ఘోరం మొదట ఇట్లాంటి జోకులతోనే ఎట్లా మొదలైందో చెప్పింది. తల దించుకున్నవాళ్ళలో ఇద్దరు ఇలానా పక్కకొచ్చి కూర్చున్నారు. క్లాసులో మళ్ళీ చిల్లర మోగలేదు.

అక్కడితో పని అయిపోయింది. లక్ష్మీనారాయణ మాత్రం క్రెయిగ్ కోటు కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఆ పిల్ల బడికెళ్తోంది గదయ్యా," అంది అమ్మణి. "ఇంకా ఏం కావాలి నీకు?"

"వాడు కోటు లేకుండా వేదిక ఎక్కడం కావాలి."

"ఆ పిల్ల అడిగిందా?"

"నేనడుగుతున్నా."

సభ ఇంకా మూడు రోజులుందనగా, కోటు తయారు కాలేదని, కాబోదని కబురు పంపాడు. పమేలా వచ్చి అరిచింది. ఛైర్మన్ ఫోన్లో బెదిరించాడు, తర్వాత బతిమాలాడు. ఆ బతిమాలడం లక్ష్మీనారాయణ చివరిదాకా విని, "బట్ట అయిపోయింది సార్" అన్నాడు. వాళ్ళు పాత హెడ్ బాయ్ ఎవరిదో కోటు అరువు తెచ్చారు. క్రెయిగ్ రగ్బీ భుజాలకి అది తొడుగుతుండగానే చిరిగింది. గురువారం సాయంత్రం హెడ్ బాయ్ మామూలు నీలం కోటులో వేదిక ఎక్కాడు. తొడగడానికి ఏమీ లేక హెడ్మాస్టరు చెయ్యి కలిపి పంపేశాడు. ముందు వరసలో తండ్రి తల వాల్చేశాడు. వెనక వరసలో, పెళ్ళిళ్ళకి వేసుకునే సూటులో కూర్చున్న లక్ష్మీనారాయణ ఆ దృశ్యాన్ని పానకంలా గుటకలేశాడు. తన తండ్రి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

గేటు దగ్గర ఇలానా అతన్ని ఆపింది.

"కోటు కుడతానని మాటిచ్చారట గదా, అంకుల్?"

"ఇచ్చాను. వాడికి దక్కకూడదనిపించింది."

"నా వెనక వరసవాళ్ళు ఏమన్నారో తెలుసా? చూశారా, యూదులూ ఇండియా కూలీ కొట్టువాళ్ళూ ఒకటే, పని జరిగాక మాట తప్పుతారని."

"మనం ఏం చేసినా అనేవాళ్ళే అమ్మా."

"అనేవాళ్ళే. ఇన్నాళ్ళూ నా దగ్గర జవాబుండేది. ఇవాళ లేకుండా చేశారు మీరు."

 ఇలానా తండ్రి కారు వైపు నడిచి వెళ్ళిపోయింది.

డిసెంబరులో లక్ష్మీనారాయణ లెక్క చూసుకున్నాడు. స్కూలు కాంట్రాక్టు డర్బన్ వాళ్ళకి పోయింది. మూడు మిషన్లలో రెంటి మీద గుడ్డ కప్పాడు. ఇలానా పరీక్షలన్నీ రాసింది, యూనివర్సిటీలో సీటు వచ్చింది. పండుగ రోజు పరీక్ష పెట్టకూడదన్న నియమం ఆ స్కూల్లో నిలిచిపోయింది. వచ్చే ఏడు ఈద్‌కి ముస్లిం పిల్లలకి కూడా అది వర్తిస్తుందని షాంటెల్ చెప్పింది. ఇలానా అమ్మణిని చూడడానికి ఇప్పటికీ వస్తుంది. ఇంటి గుమ్మం నుంచే వచ్చి, అటునుంచే వెళ్తుంది. కొట్టులోకి మాత్రం రాదు.

ఇక మిగిలిన పద్దు క్రెయిగ్ నీలం కోటుతో వేదిక ఎక్కడం. అది నష్టమని అమ్మణి అంటుంది. లక్ష్మీనారాయణ దాన్ని లాభంలోనే ఉంచాడు. అన్నీ కూడాక తేలింది లాభమే. అయితే ఆ మాట అమ్మణి ముందు పైకి అనలేదు.